తొమ్మిదో డబ్బా

ఆరేళ్ళుగా నేను గవర్నర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతున్నాను. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు రోజుకు పదిహేను మాటలు, వాటి అర్థాలు, వాడుక. సత్యశ్రీ మేడమ్‌కి కోపం ఎక్కువని, తనకే అన్నీ తెలుసనుకుంటుందని పిల్లలు చాటుగా అంటారు. రెండూ నిజమే.

ఆ మాటల్లో ఏటా ఒకసారి 'స్ట్రూ' వస్తుంది. చెల్లాచెదురుగా పడేయడం అని అర్థం. పేపర్లలో ఎక్కువగా కనపడేది 'స్ట్రూన్' అనే రూపం. పిల్లలకు గుర్తుండాలని దానికి నేనే ఒక సూత్రం కనిపెట్టాను. "స్ట్రూన్ అని కనపడితే అక్కడ మనిషి చెయ్యి లేనట్టే. గాలో, నీళ్ళో, ప్రమాదమో ఉంటుంది. తుఫాను తర్వాత రోడ్డు నిండా పడ్డ కొమ్మలు, బస్సు బోల్తా పడ్డ చోట అద్దం పెంకులు. రాసుకోండి." ఆరేళ్ళు ఇదే చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

మొన్న జూలైలో అక్షయ అనే అమ్మాయి లేచి నిలబడింది. "మేడమ్, దేవుడి ఊరేగింపు ముందు పూలు చల్లడానికి కూడా అదే మాటని డిక్షనరీలో ఉందండి. పూలు చేత్తోనే కదండీ చల్లుతారు?"

"పరీక్షలో పూలు రావు, కూర్చో" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. అది నిజంగానే డిక్షనరీలో ఉందని నాకు తెలుసు. నా సూత్రం పాడవుతుందని కూర్చోబెట్టాను.

నవంబరులో మా నాన్న పడవ కనపడకుండా పోయింది.

మాది బందరు దగ్గర సముద్రం ఒడ్డున ఒక పల్లె. నాన్న ఎల్లారావు, తమ్ముడు గంగాధర్ ఇద్దరే ఒక చిన్న ఫైబర్ పడవ మీద వేటకు వెళ్తారు. అమ్మ కొండలమ్మ ఆ చేపలు బందరు మార్కెట్లో అమ్ముతుంది. సోమవారం తెల్లవారుజామున వెళ్ళినవాళ్ళు మంగళవారం మధ్యాహ్నానికి రావాలి. రాలేదు. బుధవారం గాలి ఎక్కువైంది. మిగిలిన పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, మాది తప్ప. గాలింపు చూసే కంట్రోల్ రూమ్ వాళ్ళు ఇంగ్లీషు వచ్చిన మనిషి నంబరు అడిగితే ఊరివాళ్ళు నాది ఇచ్చారు.

నేను ఊరికి వెళ్ళి రెండు రోజులు అమ్మ పక్కనే కూర్చున్నాను. మా పల్లెలో సెల్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. గురువారం సాయంత్రం అమ్మ నన్ను లేపి తిరుగు బస్సెక్కించింది.

"ఇక్కడ నా మొహం చూత్తా కూచుంటే వాళ్ళు రారు. ఫోను పలికే చోటుండు. ఆళ్ళు చెప్పింది నాకు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

శుక్రవారం పొద్దున హాస్టల్ గదిలో ఉండలేక క్లాసుకు వెళ్ళాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు. పదకొండుంబావుకు టేబుల్ మీద ఫోన్ కదిలింది. పిల్లలను ఉండమని చెప్పి వరండాలోకి వచ్చాను. నాలుగు వరుసల ఇంగ్లీషు, మూడు ఫోటోలు. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాలు తొమ్మిది, తాళ్ళతో సహా, పద్నాలుగు కిలోమీటర్ల మేర సముద్రంలో స్ట్రూన్. పడవ తిరగబడి ఉండవచ్చు. వస్తువులను కుటుంబం గుర్తించగలదా?

మొదటి ఫోటోలో నీళ్ళ మీద తేలుతున్న డబ్బా. దాని మీద తెల్లరంగుతో మూడు గీతలు. ఆ గీతలు మా నాన్నవి. వల తేలడానికి బెండ్లుగా కట్టే డబ్బాల మీద ఎవరి గుర్తు వాళ్ళు వేసుకుంటారు. రెండో ఫోటోలో ఓడ మీదికి లాగిన తాళ్ళ కుప్ప. మూడో ఫోటోలో, నైరుతి చివర దొరికిన డబ్బా పిడి. ఆ పిడికి మా తమ్ముడి మొలతాడు.

నల్లదారంలో ఒక్క ఎర్రపోగు కలిపి అమ్మ చేత్తో పేనిన మొలతాడది. పుట్టిన పదకొండో రోజు నుంచి వాడి నడుముకి అలాంటిదే ఉంటోంది. పాతది తెగితే ఆ పూటే కొత్తది కడుతుంది. మొలతాడు లేకుండా మగపిల్లాణ్ణి గడప దాటనివ్వదు అమ్మ. అది వాడి ఒంటి మీద ఉండాలి. ఒంటి మీద నుంచి సముద్రంలోకి, సముద్రంలో డబ్బాకి ఎలా చుట్టుకుంది? నాకు ఒకటే జవాబు తోచింది.

మెసేజి పంపిన నంబరుకు ఫోన్ చేశాను. అవతల అధికారి తెలుగువాడు కాడు. మర్యాదగా, నిదానంగా ఇంగ్లీషులో మాట్లాడాడు.

"ఆ డబ్బాలు మీవేనా మేడమ్?"

"మావే."

"మా విమానం చివరి డబ్బా దాటి నైరుతి దిక్కుగా వెతుకుతోంది. పడవ ఇంకా తేలుతూ ఉంటే అటే కొట్టుకుపోయి ఉండాలి. తిరగబడి ఉంటే మాత్రం అటు వెతికి లాభం లేదు. మొదటి డబ్బా దొరికిన చోటికి వెనక్కి వచ్చి నీళ్ళలో మనుషుల కోసం చూడాలి. ఉన్నది ఒక్క విమానం. అందుకే అడుగుతున్నాను. డబ్బాలు వాళ్ళే వేసి ఉండే అవకాశం ఏమైనా ఉందా?"

ఆ ప్రశ్న ఆయన అడిగాడు. నాకు ఇప్పటికీ ఒక్కో మాటా గుర్తుంది. అప్పుడు 'ఒక్క అరగంట ఆగండి, మా అమ్మను అడుగుతాను' అని ఉండాల్సింది. ఇంగ్లీషు మెసేజి, అది చదవడం వచ్చినదాన్ని నేను, అమ్మనేం అడగాలి అనుకున్నాను.

"స్ట్రూన్ అని మీరే రాశారు కదండీ" అన్నాను. "పైగా ఆ డబ్బాకి చుట్టుకున్నది మా తమ్ముడి మొలతాడు. అది ఒంటి మీద ఉండేది."

"అయితే తిరగబడిందనే మీ ఉద్దేశం?"

"అవును" అన్నాను.

"విమానాన్ని వెనక్కి మళ్ళిస్తాను. ధైర్యంగా ఉండండి మేడమ్."

అమ్మకు ఫోన్లో చెప్పలేకపోయాను. పన్నెండుంబావుకు బందరు బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఉయ్యూరు వెళ్ళేదాకా ఏడవలేదు. అక్కడ ఎవరో బుట్టతో ఎక్కారు. చేపల వాసన వచ్చింది. కోచింగ్‌లో చేరిన కొత్తలో ఆ వాసన ఉందేమోనని రోజూ రెండుసార్లు స్నానం చేసేదాన్ని. కొంగు నోట్లో కుక్కుకున్నాను. పామర్రు దాటాక అమ్మ దగ్గర నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. ఉన్నదున్నట్టు చెప్పమంది. ఏం చెప్పాలి? తమ్ముడి మొలతాడు దొరికిందని చెప్పాలా?

బందరులో ఆటో మాట్లాడుకుని ఇల్లు చేరేసరికి రెండున్నర దాటింది. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కింటి సీతమ్మత్త గ్లాసుతో మజ్జిగ పట్టుకుని తాగమని బతిమాలుతోంది. నన్ను చూడగానే అమ్మ లేచింది. నా మొహం చూసి మళ్ళీ కూర్చుంది.

"ఫోనెందుకు ఎత్తలా?"

అరుగు అంచున కూర్చున్నాను.

"దొరికారా?"

"డబ్బాలు దొరికాయమ్మా. చెల్లాచెదురుగా. పడవ తిరగబడిందట."

సీతమ్మత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఏడవలేదు. చెయ్యి చాపింది. "ఏదీ, చూపిచ్చు."

ఫోన్ ఇచ్చాను. మూడో ఫోటో తీసేద్దామని బస్సులో అనుకున్నాను. తీయలేకపోయాను. అమ్మ మొదటిది చూసింది, రెండోది చూసింది. మూడోది రాగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను. అమ్మ నా చెయ్యి విదిలించి, రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. కళ్ళు చికిలించి అలాగే చూస్తోంది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. పిచ్చెత్తిందేమో అని భయపడ్డాను.

"ఇదేంటన్నావు?" అంది.

"గంగాధర్ మొలతాడమ్మా. చిక్కుపడింది."

"చిక్కా! ఓసి చదువుకున్నదానా! ఇది ముడే. రెండు తిప్పులు తిప్పి, కొస లోపలికి తోసి లాగాడు. ఆడికి ఈ ముడి నేర్పింది నేను." ఫోన్ నా మొహం మీదకు పెట్టింది. "చచ్చినోడు ముడెయ్యడే సత్యా!"

అమ్మ వెంటనే రెండో ఫోటోకు వెళ్ళింది. తాళ్ళ కుప్పలో వేలు పెట్టి వెతికింది. ఒక తాడు చివర ఇటుకముక్క, ఇంకో తాడు చివర వల నుంచి కోసిన సీసం గుళ్ళ గుత్తి. నేను ఆ ఫోటోను నలభైసార్లు చూసుంటాను. అవి కనపడలేదు. చెత్త కోసం చూసినదానికి చెత్తే కనపడింది.

"జాడేశారు" అంది అమ్మ.

"అంటే?"

"ఇంజనాగిపోయి పడవ కొట్టుకుపోతంటే, డబ్బాకి తాడు కట్టి, తాడుకి బరువు కట్టి వదులుతారు. బరువు అడుక్కి దిగద్ది, డబ్బా ఉన్న చోటే ఉంటది. అన్నం కుండ ఉడికినంత సేపాగి ఇంకోటి. అట్టా వదులుకుంటా పోతే వెతికేవోళ్ళు డబ్బా ఎంట డబ్బా పట్టుకుని వత్తారు. మా నాన్నని అట్టాగే పట్టుకొచ్చారు. ఇప్పుడు అందరికీ సెల్లులొచ్చి ఎవురూ ఎయ్యట్లా. మీ నాన్నకి గుర్తుంది." అమ్మ మళ్ళీ మూడో ఫోటో తీసింది. "తాడయిపోయుంటది. పిడికి కట్టేదానికి లేక మొలతాడు తెంపాడు. ఇది ఆఖరు డబ్బా. మొదటిదెక్కడ, ఇదెక్కడ?"

"మొదటిది ఈశాన్యం వైపు. ఇది నైరుతి చివర."

"అయితే ఇంకా కిందకి పోయుంటారు. విమానం అటే తిరుగుతుందా?"

చెప్పక తప్పలేదు. "వెనక్కి పిలిపించానమ్మా."

"ఎవురు?"

"నేనే. పొద్దున ఆయన అడిగాడు, వాళ్ళే వేశారా అని. కాదు, తిరగబడిందని చెప్పాను."

అమ్మ నన్ను చూసిన చూపు రాయడం నా వల్ల కాదు. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఫోన్ చెయ్యి" అంది.

సిగ్నల్ లేదు. అరుగు మీద లేదు, వీధిలో లేదు. చెప్పులు వదిలేసి కరకట్ట మీదికి పరుగెత్తాను. అమ్మ నా వెనకే వస్తోంది, సీతమ్మత్త ఆమె వెనక. కట్ట మీద ఒక గీత వచ్చింది. ఫోన్ కలిసి తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తారు. వేరే గొంతు. పొద్దున మాట్లాడినాయన కావాలని, పడవ సంగతని, ప్రాణాల సంగతని అరిచాను. ఆగమన్నారు. ఆ ఆగిన రెండు నిమిషాల్లో పొద్దు ఎటుందో మూడుసార్లు చూసుకున్నాను. నవంబరు పొద్దు త్వరగా కుంగిపోతుంది.

"చెప్పండి మేడమ్." ఆయనే.

నోరు తెరిచాను. జాడకు ఇంగ్లీషు మాట తట్టలేదు. బ్యాంకు పరీక్షలకు నాలుగు వేల మాటలు చెప్పినదాన్ని, చిన్నపిల్లలా ముక్కలు ముక్కలుగా చెప్పాను. "పొద్దున నేను చెప్పింది తప్పు. అవి చెదిరిపోలేదు. ఒక్కొక్కటే వేశారు. చేత్తో వేశారు. తాళ్ళ చివర చూడండి, బరువులున్నాయి. దారి చూపించడానికి వేశారు. పడవ తేలుతూనే ఉంది. నైరుతికే పోతోంది."

"ఇది ఎంత ఖాయం మేడమ్? ఇంకో రెండున్నర గంటలే వెలుతురు ఉంది. ఒకసారి తిప్పాక మళ్ళీ తిప్పలేను."

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఆమె అన్నదే ఇంగ్లీషులో అన్నాను. "చనిపోయినవాళ్ళు ముడి వెయ్యలేరు సార్. డబ్బా పిడి చూడండి."

అవతల ఎవరినో పిలిచారు. ఓడ మీదున్న డబ్బా పిడి చూడమని వైర్‌లెస్‌లో చెప్పడం వినపడింది. కరకరమంటూ ఏదో జవాబు వచ్చింది. తర్వాత ఆయన గొంతు వేగంగా వచ్చింది. "తిప్పుతున్నాం."

కట్ట దిగి ఇంటికి పోదామంటే అమ్మ రానంది. అక్కడే మట్టిలో కూర్చుంది. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను, దగ్గరికి వెళ్ళే మొహం లేక. నాలుగయింది. ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కళ్ళే కట్ట మీదికి చేరారు. ఫోన్‌లో గీత పోకుండా చెయ్యి కదపకుండా పట్టుకుని ఉన్నాను. నాలుగున్నరయింది. భుజం లాగేస్తోంది. ఐదుకు పది నిమిషాలుందనగా మోగింది.

"ఇద్దరూ ఉన్నారు మేడమ్" అన్నాడాయన. "చివరి డబ్బాకు పదకొండు కిలోమీటర్ల అవతల. పెద్దాయన పడుకుని ఉన్నారు గాని చెయ్యి ఊపారట."

ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. తల ఊపాను. అమ్మ మట్టిలో వంగి నేలకు నుదురు ఆనించింది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు బందరు ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు. నాన్నకు సెలైన్ ఎక్కుతోంది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. గంగాధర్ వీపంతా ఎండకు పొక్కిపోయింది. ఇద్దరూ బతుకుతారని డాక్టరు చెప్పాడు. నాన్నకు కిడ్నీలు దెబ్బతిన్నాయని, నాలుగు రోజులు చూడాలని కూడా చెప్పాడు. అమ్మ జావ తాగిస్తుంటే నాన్న నన్ను చూసి నవ్వబోయాడు.

"డబ్బాలు చూసి ఇంగిలీషులో ఏమని రాశారంట?"

"చెల్లాచెదురుగా పడి ఉన్నాయని, నాన్నా."

"చెల్లాచెదురా!" నాన్నకు కోపం వచ్చింది. గొంతు లేకపోయినా వచ్చింది. నా కోపం ఎక్కడిదో నాకు తెలుసు. "ఒక్కో తాడూ బారలు కొలిచి కోశా. లోతెంతో చూసి కట్టా. చెల్లాచెదురంట!" కాసేపు దమ్ము తీసుకున్నాడు. "నిన్న మజ్జాన్నం కాకముందే విమానం వచ్చిందమ్మా. మా ఎదరకే వత్తంది. ఈడు చొక్కా ఇప్పి ఊపుతున్నాడు. ఇంకో రెండు నిమిషాలుంటే నెత్తి మీదికొచ్చేది. గిర్రున ఎనక్కి తిరిగిపోయింది. ఎందుకు తిరిగిందో మరి. ఇంక రాదనుకున్నాం. అప్పటికి గుక్కెడు నీళ్ళున్నాయి. ఈణ్ణి తాగమన్నా. తాగాక ఈడు దూకుతానన్నాడు. ఈదుకుంటా పోతాడంట. జుట్టు పట్టుకు కూచున్నా సాయంత్రందాకా."

అమ్మ జావ గ్లాసు కింద పెట్టింది. నా వంక చూడలేదు. "ఏదో పనిబడి తిరిగుంటది. ఇప్పుడదెందుకు, పడుకో" అంది నాన్నతో.

అమ్మ నన్ను దాచేస్తోంది. నోరు మూసుకుంటే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పమన్నది ఈమే. అయినా ఆ గుక్కెడు నీళ్ళ మాట నన్ను ఊరుకోనివ్వలేదు.

"నా వల్లే తిరిగింది నాన్నా" అన్నాను. "ఆయన నన్నడిగాడు. అమ్మను అడగకుండా నేనే చెప్పేశాను, మీరు లేరని."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. పక్క మంచం మీద గంగాధర్ గోడవైపు తిరిగాడు. వాడు నాకంటే ఏడేళ్ళు చిన్న. నేను చంకనేసుకుని పెంచినవాడు. వాడి వీపు మీద పొక్కులు చూస్తూ నిలబడ్డాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

అమ్మ కొంగు ముడి విప్పి కొత్త మొలతాడు తీసింది. నల్లదారం, అందులో ఎర్రపోగు. రాత్రి ఎప్పుడు పేనిందో. గంగాధర్ నడుము చుట్టూ తిప్పబోయి ఆగింది. రెండు కొసలూ నా చేతిలో పెట్టింది.

"నువ్వెయ్యి" అంది.

నాకా ముడి రాదు. చేపల పని చేతికి అంటకూడదని చిన్నప్పుడే తప్పించుకున్నాను. అమ్మ నా చేతుల మీద చేతులు వేసి రెండు తిప్పులు తిప్పించింది, కొస లోపలికి తోయించింది, లాగమంది. లాగాను.

గంగాధర్ ఇటు తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తెచ్చి, ముడి దగ్గర వేలు పెట్టి లాగి చూసుకున్నాడు.

"వదులుగా ఉందక్కా. మళ్ళీ వెయ్యి" అన్నాడు.

విప్పి మళ్ళీ వేశాను.